బ్యాటరీకి సెలవు దొరికిన రోజు

జీడిపేట సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి లాప్‌టాప్ వచ్చిన రోజున కొబ్బరికాయ కొట్టి హారతిచ్చారు. అప్పటిదాకా ఉన్న రెండు పాత కంప్యూటర్లనూ వేలం వేసేశారు. లాప్‌టాప్ వెంట ఒక చార్జరు, చార్జరు వెంట ఒక సర్క్యులరు వచ్చాయి. మూడు నెలలు లాప్‌టాప్ చక్కగా పనిచేసింది. నాలుగో నెలలో ఆ సర్క్యులరు చదవడం జరిగింది.

చదివినవారు సబ్ రిజిస్ట్రారు ధర్మలింగేశ్వరరావుగారు. మామూలు మనుషులు కాగితం మీద ఉన్నంత వరకే చదువుతారు. ఆయన కాగితం మనసులో ఉన్నది కూడా చదివేవారు.

"బ్యాటరీని నెమ్మదిగా చార్జి చేసిన యెడల దాని ఆరోగ్యము దీర్ఘకాలము నిలుచును. ఎనుబది శాతమునకు మించి నింపరాదు. ఇరువది శాతమునకు దిగువకు పోనీయరాదు. వార్షిక తనిఖీ నాటికి బ్యాటరీ ఆరోగ్యము క్షీణించినచో సంబంధిత అధికారి బాధ్యత వహించవలెను."

మొదటి మూడు వాక్యాలూ ఆఫీసంతటికీ వినపడేలా చదివారు. నాలుగోది లోలోపల చదువుకుని మంచినీళ్ళు తెప్పించుకున్నారు.

"వరహాలమ్మగారూ! మన చార్జరు ఎంతసేపట్లో నింపుతోంది?"

వరహాలమ్మ ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. రిటైర్మెంటుకి నాలుగు నెలలుంది. చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పాత పుస్తకం ఉంటుంది, మనసులో ఎప్పుడూ ఏదో ఒక భయం ఉంటుంది. ఆవిడ భయపడుతూనే జవాబు చెప్పింది.

"రెండు గంటలండి."

"రెండు గంటలా!" అని ఆయన కుర్చీలోంచి లేచారు. "పసిబిడ్డ నోట్లో వారానికి సరిపడా అన్నం ఒక్కపూటలో కుక్కుతున్నామన్న మాట. ఇన్నాళ్ళూ ఈ హింస నా కళ్ళెదుటే జరిగిందా?"

అటెండరు గురువులుని బజారుకి పంపారు. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టులో, ఎవరూ కొనక మూలన పడేసిన చార్జరు ఒకటి దొరికింది. దాంతో చార్జింగుకి ఏడు గంటలు పడుతుందని కొట్టువాడు ముందే మొత్తుకున్నాడట. ఆ మాట చెప్పగానే సారు మొహం వెలిగిపోయింది.

"ఇంతకన్నా నెమ్మదైనది లేదా?"

"ఉందటండి, అయితే అది అసలు ఎక్కించదట," అన్నాడు గురువులు.

సారు ఆ విషయం కూడా కాసేపు ఆలోచించారు.

మర్నాటి నుంచి పొద్దున్న తొమ్మిదింటికి గురువులు లాప్‌టాప్‌ని చార్జింగుకి పెడితే సాయంత్రం నాలుగుకి ఎనభై అయ్యేది. చార్జింగులో ఉండగా పనిచేస్తే బ్యాటరీ వేడెక్కుతుంది గనక అప్పుడు పని నిషిద్ధం. చార్జింగు అయ్యాక పనిచేస్తే బ్యాటరీ ఖర్చవుతుంది గనక అప్పుడూ కూడదు. అయితే ఆఫీసన్నాక ఎంతో కొంత పని కనపడాలి కాబట్టి నాలుగుంబావు నుంచి ఐదింటికి పది నిమిషాల ముందు దాకా అత్యవసర వినియోగానికి అనుమతి ఇచ్చారు. రోజుకి ముప్ఫై దస్తావేజులు రిజిస్టరయ్యే చోట రెండు అయ్యేవి. జనం బయట బల్లల మీద కూర్చుని, ఆసుపత్రి వరండాలో అడిగినట్టు అడిగేవారు.

"ఎలాగుంది బావూ?"

"నలభై ఒకటి దాటింది," అని గురువులు గొంతు తగ్గించి చెప్పేవాడు. "రేత్రి బాగానే పడుకుంది."

బ్యాటరీకి ఆరోగ్య రిజిస్టరు ఒకటి తెరిచారు. అరగంటకోసారి గురువులు లాప్‌టాప్ అడుగున అరచెయ్యి పెట్టి చూసి "చల్లగా ఉన్నది", "గోరువెచ్చగా ఉన్నది" అని రాసి సంతకం పెట్టాలి.

"మా సంటోడికి జొరమొచ్చినపుడు కూడా ఇన్నిసార్లు సూడలేదమ్మా," అన్నాడతను వరహాలమ్మతో. "మా ఇంటిదానికి తెలిస్తే గొడ్డలట్టుకొచ్చీగలదు."

జనం మీదికి తిరిగే టేబుల్ ఫ్యాను లాప్‌టాప్ వైపు తిరిగింది. "నిశ్శబ్దము. బ్యాటరీ విశ్రాంతిలో ఉన్నది" అని బోర్డు వెలిసింది. ఒక ముసలాయన ఆ బోర్డు ముందు చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. తరవాత వచ్చినవాళ్ళూ విడవడం మొదలెట్టారు. దాన్ని సారు మెచ్చుకున్నారు.

ఆ తరవాత సెలవుల ప్రశ్న వచ్చింది.

"ప్రభుత్వ సేవలో ఉన్న ప్రతివారికీ సెలవుకి అర్హత ఉన్నది. బ్యాటరీ ఒక్కదానికి ఆ న్యాయం నిరాకరించుటకు మనమెవరం?" అన్నారు సారు. ఏడాదికి పదిహేను క్యాజువల్ సెలవులు, వాటికి తోడు వైద్య కారణాల మీద మరికొన్ని మంజూరయ్యాయి. బ్యాటరీకి చెయ్యి తిరగదు గనక దరఖాస్తులు వరహాలమ్మ రాయాలి. "నిన్న సాయంత్రం నుంచి ఒళ్ళు వెచ్చగా ఉన్నందున రేపు ఒక్కరోజు సెలవు ఇప్పించ ప్రార్థన" అని రాసి, కింద "బ్యాటరీ తరఫున" అని ఆవిడే సంతకం పెట్టేది. ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో ఆవిడ తన కోసం పెట్టుకున్న సెలవులు అన్ని లేవు.

జిల్లా సమావేశంలో మిగతా ఆఫీసుల బ్యాటరీలు తొంభైల్లోకి, ఎనభైల్లోకి దిగిపోయి తలలు వంచుకు కూర్చున్నాయి. జీడిపేట బ్యాటరీ ఆరోగ్యం నూటికి నూరు. పైఅధికారి ముచ్చటపడి, "మరి పని కొంచెం తగ్గినట్టుందేం?" అన్నారట. "అయ్యా, పని ఎప్పుడైనా చేసుకోవచ్చును. ఆరోగ్యము పోతే తిరిగి రాదు," అన్నారు మన సారు. హాలంతా చప్పట్లు. అప్పటి నుంచి పక్క మండలాల వాళ్ళు జీపుల్లో వచ్చి, మన లాప్‌టాప్ పనిచేయకుండా ఉండటాన్ని అధ్యయనం చేసి, నోట్సు రాసుకుని వెళ్ళేవారు.

చప్పట్లు కొట్టించుకున్న సిద్ధాంతం లాప్‌టాప్ దగ్గర ఆగుతుందా? ఒక మధ్యాహ్నం వరహాలమ్మ బాక్సు విప్పి ఐదు ఇడ్లీలలో నాలుగు తిన్నదో లేదో, సారు వెనక నిలబడి ఉన్నారు.

"అక్కడ ఆపండి."

"ఏమండీ?"

"ఎనభై శాతం అయింది. మీ ఆరోగ్యం కూడా ఈ కార్యాలయపు ఆస్తే వరహాలమ్మగారూ."

ఆ రోజు నుంచి ఐదో ఇడ్లీ బాక్సులో ఇంటికి తిరిగి వెళ్ళేది. గురువులు మాత్రం తినేవి ఏడు కాబట్టి ఎనభై శాతం ఎంతో లెక్క తేలక అన్నీ తినేసేవాడు.

ఇలా ఉండగా ఏప్రిల్ నెలలో ఒక బుధవారం, పదిన్నర వేళ, ఒక జంట వచ్చింది. అతను కూర్మారావు, పటాలంలో జవాను. ఆమె ఝాన్సీ. వెంట ఆకుపచ్చ ట్రంకుపెట్టె, సంచిలోంచి పిడి బయటికి పెట్టిన కుక్కరు ఉన్నాయి. పెళ్ళై రెండేళ్ళైంది. అందులో కలిసి ఉన్నది ఇరవై తొమ్మిది రోజులని ఝాన్సీ వేళ్ళు మడవకుండానే చెప్పింది. కుటుంబంతో ఉండేందుకు క్వార్టరు కోసం రెండేళ్ళుగా వరసలో ఉంటే, వారం కిందట కూర్మారావు వంతు వచ్చింది. అయితే రిజిస్టరైన పెళ్ళి సర్టిఫికెట్టు, అదీ మెషిన్లోంచి క్యూఆర్ కోడనే చతురస్రపు ముద్రతో వచ్చిన కాగితం చూపిస్తే తప్ప గేటు దగ్గర భార్యను లోపలికి రానివ్వరు. అతని సెలవు ఇవాళ్టితో సరి. రైలు మూడూ నలభైకి. టికెట్లు రెండు తీశారు. కాగితం చేతికొస్తే ఝాన్సీ కూడా రైలెక్కుతుంది. రాకపోతే క్వార్టరు వెనకవాడికి పోతుంది, ఇంకో మూడేళ్ళు ఆగాలి.

దరఖాస్తు పెట్టారు, పెళ్ళి ఫోటో పెట్టారు, సాక్షుల్ని తెచ్చారు. ఏ లోపమూ లేదు. మెషిన్లో నాలుగు మాటలు కొట్టి కాగితం తియ్యడమే మిగిలింది.

"బేటరీ సెలవులో ఉందమ్మా," అన్నాడు గురువులు నేల చూస్తూ.

"ఎవరు సెలవులో ఉన్నారూ?" అంది ఝాన్సీ.

"బేటరీ. నిన్న సాయంత్రం కాసింత వేడి సేసింది."

ఝాన్సీ మొగుడి వైపు చూసింది. "బావా, ఈడేటి సెప్తన్నాడు?"

కూర్మారావు నేరుగా సారు గదిలోకి వెళ్ళి, అటెన్షన్లో నిలబడి తన సంగతంతా చెప్పాడు. సారు శ్రద్ధగా విన్నారు. జిల్లా స్థాయి సన్మానంలో చదవాల్సిన ఉపన్యాసం ఆయన ముందుంది.

"మీ ఇబ్బందిని ఈ కార్యాలయము సానుభూతితో గమనించినది. రేపు రండి."

"రేపటికి నేను రాయపూర్ దాటిపోతాను సార్."

"మంజూరైన సెలవును రద్దు చేయు అధికారము నాకు లేదు. జిల్లా రిజిస్ట్రారువారికే ఉన్నది."

"వారికి ఒక్కసారి ఫోన్ చెయ్యండి సార్."

"వారు బ్యాటరీ సంరక్షణ శిక్షణలో ఉన్నారు. అక్కడ అందరి ఫోన్లూ ఆపి ఉంచుతారు, విశ్రాంతి కోసం."

గుమ్మం పట్టుకుని నిలబడ్డ ఝాన్సీ ఇక ఊరుకోలేదు. "మా ఆయన సెలవు అయిపోనాది. మీ బేటరీకి మాత్రం ఇంకా మిగిలిపోనాదా బావూ? సరిహద్దుల కాపలా కాసినోడి కన్నా మూల తొంగున్నది ఎక్కువ అలిసిపోనాదా?"

"అమ్మాయీ, నిశ్శబ్దం," అన్నారు సారు బోర్డు చూపిస్తూ.

వాళ్ళు బయట బల్ల మీద కూర్చున్నారు. ఇద్దరూ ట్రంకుపెట్టె మీద చెరో చెయ్యి వేసి ఉంచారు, దాన్ని ఎవరో లాక్కుపోతారన్నట్టు. పన్నెండైంది. ఒంటిగంట అయింది. వరహాలమ్మ బాక్సు తెరవలేదు. ఆవిడ కళ్ళు గోడ గడియారం మీదికీ, అక్కడి నుంచి ట్రంకుపెట్టె మీదికీ, మళ్ళీ గడియారం మీదికీ తిరుగుతున్నాయి.

ఆవిడ భర్త సూర్యనారాయణ కూడా గుమాస్తాయే. పెళ్ళైన ఆరేళ్ళూ ఆయన ఉద్యోగం ఒక ఊళ్ళో, ఈవిడ కాపురం ఒక ఊళ్ళో. ఆదివారం సాయంత్రం బస్సు కదిలే ముందు ఆయన కిటికీలోంచి చెయ్యి బయట పెట్టేవాడు. బస్సు వేగం అందుకునే దాకా ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని నడిచేది. చివరికి బదిలీ మంజూరైంది. ఆర్డరు టైపు కొట్టి పంపడమే తరవాయి. ఆ ఏడు ఆయన ఆఫీసులో టైపు మెషిన్ల రిబ్బన్లు పొదుపు చేయాలని ఉత్తర్వు. మార్చి నెలాఖరు దాకా మెషిన్ల మీద గుడ్డ కప్పి ఉంచారు. ఏప్రిల్ మూడున ఆర్డరు వచ్చింది, అక్షరాలు నల్లగా నిగనిగలాడుతూ. మార్చి ఇరవై ఎనిమిదిన ఆయన పోయాడు. ఆయన ఉద్యోగమే ఈవిడకిచ్చారు. అందులో చేరిన రోజున ఆవిడ మొదట చూసింది ఆ గుడ్డ ఎత్తి. రిబ్బను కొత్తగానే ఉంది.

గడియారం రెండు కొట్టింది.

వరహాలమ్మ బీరువా తెరిచి బ్యాటరీ సెలవుల ఫైలు తీసింది. తను రాసిందే. అయినా కొత్త పుస్తకం చదివినట్టు ఒక్కొక్క మాటే చదివింది. రెండోసారి చదివింది. ఫైలు పట్టుకుని సారు గదిలోకి వెళ్ళింది.

"సార్, చిన్న సందేహమండి. ఇవాళ సెలవులో ఉన్నది ఎవరండి?"

"బ్యాటరీ. మీరే కదా రాశారు?"

"అవునండి. లాప్‌టాప్ సెలవు దరఖాస్తు మాత్రం ఫైల్లో ఎక్కడా కనపడటం లేదండి."

"లాప్‌టాప్‌కి సెలవెందుకు? అది..." అని సారు ఆగారు.

"అదేనండి. నిన్నటి దాకా బ్యాటరీ పెట్టిన తొమ్మిది సెలవులూ సక్రమంగా ఉన్నాయండి. లాప్‌టాప్ మాత్రం ఆ తొమ్మిది రోజులూ సెలవు పెట్టకుండా, విధుల్లోకి రాకుండా ఉండిపోయిందండి. తనిఖీలో దీన్ని అనధికార గైర్హాజరు అంటారేమోనని నా భయం. బాధ్యత ఎవరిదంటారో..."

సారు మంచినీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాచారు. గ్లాసు ఖాళీగా ఉంది.

"తొమ్మిది రోజులా?"

"ఇవాళ్టితో పదండి. ఐదింటిలోపు విధుల్లో చేరకపోతే."

"వెంటనే చేర్చండి! కానీ ఎలా? బ్యాటరీకి శ్రమ కలగకూడదే!"

"బ్యాటరీని బయటికి తీసేసి పడుకోబెడదామండి. వెనక రెండు గొళ్ళేలున్నాయి, జరిపితే ఊడి వస్తుంది. లాప్‌టాప్ తిన్నగా గోడ కరెంటు మీదే పనిచేస్తుందండి."

"అలా కూడా పనిచేస్తుందా?"

"చేస్తుందండి. దాంతో వచ్చిన పుస్తకంలో పదకొండో పేజీలో ఉంది."

ఆ పుస్తకం ఆఫీసులో చదివింది ఆవిడొక్కతే. వీధిలో పొట్లం కట్టిన కాగితమైనా విప్పి చదవందే పారెయ్యని మనిషి.

గురువులు రెండు గొళ్ళేలూ జరిపాడు. బ్యాటరీ చేతిలోకి వచ్చింది. చూస్తే అరటిపండంత లేదు. "దీనికా ఇన్నాళ్ళూ నాను జొరం సూసినాను!" అన్నాడు. సారు తన కుర్చీ దిండు స్వయంగా ఇచ్చారు. దిండు మీద బ్యాటరీని పెట్టి, దాని పక్కన టేబుల్ ఫ్యాను పెట్టారు. బీరువాలోంచి పాత చార్జరు తీసి గోడకి గుచ్చారు. లాప్‌టాప్ లేచింది.

అయితే ఒక చిక్కుంది. బ్యాటరీ లేని లాప్‌టాప్‌కి కరెంటు పోతే ఊపిరి పోయినట్టే. ఏప్రిల్ నెల, జీడిపేట, మధ్యాహ్నం రెండున్నర. ఆ వేళకి కరెంటు పోని రోజు ఆ ఊళ్ళో ఎవరికీ గుర్తు లేదు.

వరహాలమ్మ కొట్టడం మొదలుపెట్టింది. వరుడి పేరు. ఫ్యాను తిరుగుతోంది. వధువు పేరు. ఫ్యాను కొంచెం నెమ్మదించినట్టనిపించింది. ఆవిడ తల ఎత్తలేదు. తండ్రుల పేర్లు, సాక్షుల పేర్లు. తెర ఒక్కసారి మసకబారింది. గుమ్మంలో ఝాన్సీ "తల్లీ, పైడితల్లీ!" అంది. తెర మళ్ళీ తేరుకుంది. ప్రింటరు ముక్కి మూలిగి కాగితం బయట పెట్టింది, కుడివైపు కింద చతురస్రపు ముద్రతో సహా. పని మొత్తం పట్టింది పదకొండు నిమిషాలు.

ఇక సారు సంతకం. ఆయన కలం విప్పి, ధర్మలింగేశ్వరరావు అనే పేరులోని ప్రతి అక్షరానికీ దాని ఆరోగ్యం చెడకుండా తగినంత వ్యవధి ఇస్తూ రాశారు. "లిం" దగ్గర కాసేపు ఆగారు కూడా. కూర్మారావు గడియారం చూసుకున్నాడు. గురువులు సీలు మీద ఊదుతూ సిద్ధంగా నిలబడ్డాడు. ఆఖరి అక్షరం తోక పూర్తయ్యేలోపే ముద్ర పడింది.

మూడు గంటల ఐదు నిమిషాలకి ఆటో వచ్చింది. ట్రంకుపెట్టె ఎత్తడానికి గురువులు కూడా ఎక్కాడు. ఝాన్సీ వరహాలమ్మ కాళ్ళకి వంగింది.

"మీరు సల్లగుండాల అమ్మగోరూ. మా కోటర్సుకి రండి, సేపలిగురు వండి పెడతాను."

"ముందు వెళ్ళమ్మా! రైలు నీ చేపలిగురు కోసం ఆగదు!" అని కసిరింది వరహాలమ్మ, కళ్ళలో నీళ్ళు కనపడకుండా.

వెళ్ళే బండి వెనక చూస్తూ నిలబడటం ఆవిడకి చేతకాదు. ఇంటికొచ్చిన చుట్టాల్ని కూడా గుమ్మంలోంచే పంపి లోపలికి వెళ్ళిపోతుంది. ఆ రోజు మాత్రం ఆటో మలుపు తిరిగే దాకా మెట్ల మీదే ఉంది. ఇద్దరూ ఒకే బండిలో వెళ్తున్నారు గదా, చూస్తే తప్పేమిటి? ఆటో కనుమరుగైన క్షణంలోనే వెనకాల ఫ్యాన్లన్నీ ఆగిపోయి, లాప్‌టాప్ కళ్ళు మూసింది.

నాలుగు దాటాక గురువులు చెమటలు కారుస్తూ తిరిగొచ్చాడు. "ఎక్కీసినారమ్మా. ఇద్దరూను. రైలు పావుగంట లేటు. మనమే తొరపడిపోనాం."

మర్నాడు సారు ఆ ఘటన గురించి రెండు కాగితాలు తయారు చేయించారు. ఒకటి పైకి వెళ్ళింది: బ్యాటరీని లాప్‌టాప్ నుంచి శాశ్వతంగా తొలగించి ఇనప్పెట్టెలో ఉంచితే దాని ఆరోగ్యం నిరవధికంగా కాపాడవచ్చునని తమ కార్యాలయము స్వయంకృషితో కనుగొన్నదని. వారం తిరక్కుండా అది జిల్లా అంతటికీ ఉత్తర్వుగా వచ్చింది. బ్యాటరీలన్నీ ఇనప్పెట్టెల్లోకి చేరాయి. కరెంటు పోయినప్పుడల్లా జిల్లా అంతా ఒక్కసారే ఆగిపోయేది, అయితే ఆరోగ్యంగా ఆగిపోయేది.

రెండోది వరహాలమ్మ బల్ల మీదికి వచ్చింది. మెమో. "నిన్నటి తేదీ నాడు, వ్రాతపూర్వక అనుమతి లేకుండా, ఎంతోకాలముగా కలిసియున్న రెండు ప్రభుత్వ ఆస్తులను ఒకదాని నుండి మరొకదానిని విడదీసినందులకు మీపై ఏల చర్య తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను."

సారుకి ఆవిడ మీద కోపం లేదు. తనిఖీలో ఎవరైనా అడిగితే చూపించడానికి ఒక కాగితం ఉండాలి, అంతే. రిటైర్మెంటు ముందు మెమో అంటే మాటలు కాదు. వరహాలమ్మకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే వచ్చి, లాప్‌టాప్ జోలికి పోకుండా, తెల్లకాగితం మీద సిరాతో రాసింది.

"అయ్యా, ఆ రోజు మన కార్యాలయంలో రెండు జంటలున్నవి. మూడూ నలభై లోపల ఏదో ఒక జంట విడిపోక తప్పని పరిస్థితి. ఏడవని జంటను విడదీసితిని. చిత్తగించవలెను."

సారు దాన్ని రెండుసార్లు చదివారు. ఎర్ర సిరా కలం తీసుకుని, చాలాసేపు ఆలోచించి, అంచున రాశారు: "సంజాయిషీ ఎనుబది శాతము సంతృప్తికరము. అంతకు మించనీయరాదు. ఫైలు మూసివేయవచ్చును."

వరహాలమ్మ ఫైలు మూసి, బీరువాలో పెట్టి, తాళం వేసింది. అప్పుడు ఒంటిగంట. బాక్సు విప్పి నాలుగు ఇడ్లీలు తిన్నది. సారు గది తలుపు వైపు ఒకసారి చూసింది.

ఐదోది కూడా తినేసింది.